పొలం గట్టున పట్నం కుక్క

మన ఆంధ్ర మహాభారతంలో మొదట్లో ఒక కుక్క, చివర్లో ఒక కుక్క కనిపిస్తాయి. తరగతిలో చదువుకున్నవాళ్ళకి యీ సంగతి గుర్తుండే వుంటుంది. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవశునకం పిల్ల ఆడుకుంటూ అక్కడికి వస్తుంది. అది ఏ తప్పూ చెయ్యలేదు. అయినా రాజుగారి తమ్ములు దాన్ని కొట్టి తరుముతారు. తల్లి వచ్చి నిలదీస్తుంది. బలహీనుల్ని అకారణంగా బాధించేవారికి అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించి పోతుంది. మహారాజంతటివాడు ఆ మాటకి భయపడి, శాంతి చేయించటానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఇక చివరి కుక్క ధర్మరాజు వెంట నడిచినది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనన్నాడాయన. స్వర్గం అక్కర్లేదన్నాడు.

ఒక కథ కొట్టి తరిమేవాళ్ళను గూర్చి, రెండో కథ నమ్మినదాన్ని నడిదారిలో వదిలేసేవాళ్ళను గూర్చి. నేడు మన రాష్ట్రంలో కుక్కల సమస్య అంటే యీ రెండూ కలిసినదే. పట్నం వాళ్ళు వదిలేస్తున్నారు. పల్లె వాళ్ళు చంపుతున్నారు. వదిలేసినవాడికి చంపినవాడు రాక్షసుడిగా కనిపిస్తాడు. చంపినవాడికి వదిలేసినవాడు ఎవరో అసలు తెలియనే తెలియదు. వీళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలన్నదే యీ వ్యాసం వుద్దేశం.

జూబ్లీహిల్స్ నుంచి చేవెళ్ళ దాకా

1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో కట్టేనాటికి ఆ ప్రాంతమంతా రాళ్ళూ తుప్పలూ. మద్రాసు నుంచి పరిశ్రమ కదిలి వచ్చాక జూబ్లీహిల్స్, ఫిలింనగర్ మన సినిమాకి పుట్టిల్లంత అయినాయి. బంగళాలు వచ్చినాయి. బంగళా గేటుకి "కుక్క వున్నది, జాగ్రత్త" అనే బోర్డు వచ్చింది. మొదట్లో అల్సేషన్, పొమరేనియన్. తర్వాత డాబర్‌మన్. 2003లో ఒక సెల్‌ఫోను కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట తిరిగే పగ్ కుక్క వచ్చింది. దేశమంతా పగ్ కావాలంది. ఆపైన లాబ్రడార్, రాట్‌వైలర్, చివరికి మంచుదేశాల్లో బండ్లు లాగే హస్కీ కూడా మన మే నెల ఎండల్లోకి వచ్చి పడింది.

ఫ్యాషన్‌తో పాటు వచ్చిన కుక్క ఫ్యాషన్‌తోనే పోతుంది. పోవటమంటే ఎక్కడికి? జూబ్లీహిల్స్ నుంచి సుమారు నలభై కిలోమీటర్లు పడమటికి వెళ్తే చేవెళ్ళ. దారిలో మొయినాబాద్, అటుపక్క శంకర్‌పల్లి. రోడ్డుకి రెండు వైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు, వాటి వెనక కూరగాయల తోటలు, పూలతోటలు, మధ్యమధ్య పట్నం వాళ్ళ ఫాంహౌసులు. జంట జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో వల్ల యీ వూళ్ళలో చాలాకాలం పెద్ద కట్టడాలు రాలేదు. పట్నానికి యింత దగ్గర్లో యింత ఖాళీ, యింత పచ్చదనం మరోవైపు తక్కువ. కారు ఆపి, తలుపు తీసి, కుక్కను దింపి, మళ్ళీ తలుపు వేసుకుని వెళ్ళిపోవటానికి యింతకన్నా అనువైన చోటు వుండదు.

మా పెద్దనాయిన ఆ ప్రాంతంలో టమాటా వేస్తాడు. రెండేళ్ళ కిందట నేను సెలవులకి వెళ్ళినప్పుడు బోరు షెడ్డు దగ్గర ఒక తెల్ల పొమరేనియన్ కనిపించింది. వొంటినిండా పల్లేరుకాయలు. మెడకి ఎర్ర పట్టీ.

"గిదేడికెల్లి వచ్చింది పెద్దనాయినా?"

"ఎవడో పట్నపోడు ఇడిసి పోయిండు బిడ్డా. నాలుగు దినాలైతుంది. కారు సప్పుడైతే సాలు, రోడ్డు మీదికి ఉరుకుతది. మా కుక్కలు దాన్ని రానిస్తలేవు. జొన్నరొట్టె ఏస్తే వాసన జూసి పక్కకు పోతది."

ఆరో రోజున కారు చప్పుడు విని రోడ్డు మీదికి వురికిన ఆ కుక్క ఒక లారీ కింద పడింది. అది ఎవరి కారు కోసం వురికిందో మీకు చెప్పనక్కర్లేదు.

ఎందుకు వదిలేస్తారు?

కారణాలు వింటే చాలా మామూలుగా వుంటాయి. పిల్ల పెద్దదయింది. అద్దె యింటి ఓనరు వొద్దన్నాడు. అమ్మాయికి పెళ్ళయి అమెరికా వెళ్ళింది. కోడలు గర్భవతి, కుక్క వెంట్రుకలు మంచివి కావని ఎవరో చెప్పారు. చర్మవ్యాధి వచ్చింది, వైద్యానికి వేలల్లో అవుతోంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పెంపుడు జంతువులతో రోగం అంటుకుంటుందన్న పుకారుకి భయపడి వదిలినవాళ్ళూ వున్నారు. లాక్‌డౌన్‌లో కాలక్షేపానికి కొని, ఆఫీసులు తెరిచాక వదిలినవాళ్ళూ వున్నారు.

బయటికి రాని కారణం మరొకటి వుంది. పిల్లల్ని అమ్ముకోవటానికే ఆడకుక్కల్ని పెంచేవాళ్ళు, వాటికి ఈనే వయసు దాటగానే రోడ్డున వదులుతారు. పొలాల్లో కనిపించే జాతి కుక్కల్లో వేలాడే పొదుగు వున్న ముసలి ఆడకుక్కలు వుంటే అవి యిలాంటివేనని అనుమానించాలి. 2022లో కన్నడంలో తీసి తెలుగులోనూ విడుదల చేసిన '777 చార్లీ' సినిమా యీ అక్రమ పెంపకం గురించే. హాల్లో ఏడవనివాడు లేడు. కాని ఏడ్చి బయటికి వచ్చి, అదే రకం పిల్ల ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్ళూ మన మధ్యనే వున్నారు!

ఫాంహౌసుల సంగతి వేరు. ఆదివారాలు యజమాని వచ్చినప్పుడే కుక్కకి బిస్కట్లు, మాంసం. మిగతా రోజులు కాపలావాడు వేసిన మెతుకులు. కాపలావాడు మారినా, స్థలం అమ్ముడైనా కుక్క గేటు బయట పడుతుంది. నాలుగైదు కుక్కలున్న చోట ఆపరేషన్ చేయించకపోతే, రెండేళ్ళలో అదొక మంద.

"పల్లెలో తిండి దొరుకుతుందిలే, స్వేచ్ఛగా బతుకుతుంది" అనుకోవటం వదిలేసేవాళ్ళ మనశ్శాంతికి మాత్రమే పనికొచ్చే మాట. కుక్కలకి సరిహద్దులుంటాయి. ప్రతి వాడకీ, ప్రతి పొలానికీ అక్కడి కుక్కలు ముందే వున్నాయి. కొత్తదాన్ని అవి తరిమి కొడతాయి. గిన్నెలో పెడితే తినటం తప్ప వెతుక్కోవటం తెలియనిది పస్తులుంటుంది. చాలావరకు కొద్ది వారాల్లోనే ఆకలికో, రోడ్డుకో, జబ్బుకో పోతాయి. బతికినవి, అంటే బలమైనవీ మొండివీ, చెత్తకుప్పల దగ్గరో కోళ్ళఫారాల దగ్గరో మందలో కలుస్తాయి. అసలు చిక్కు అక్కణ్ణుంచి మొదలవుతుంది.

రైతు వైపు నుంచి చూస్తే

కుక్కంటే పల్లెకి మొదటినుంచీ పగ లేదు. కాలభైరవుడి వాహనం కుక్క. గొర్లమంద వెంట కుక్క లేని గొల్లకురుమ వుండడు. ఆంధ్ర ప్రాంతంలో జోనంగి అని మన సొంత జాతి వుంది. పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాయటానికి దాన్ని పెంచారు. తిండి పెట్టినవాడి సొత్తు కాసే కుక్క రైతుకి జీతం లేని పాలేరు.

పగ మొదలైనది మందలతో. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, సుమారు 1 కోటి 90 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకి సబ్సిడీ మీద గొర్రెలిచ్చే పథకం పెట్టినప్పుడు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిసిన యూనిట్ ఖరీదు లక్షా పాతికవేలు. ఒక్క రాత్రి దొడ్లో కుక్కలు పడి పది గొర్రెల్ని చంపితే సగం యూనిట్ పోయినట్టు లెక్క. మంద కుక్కలు ఆకలికి ఒకదాన్ని తిని వూరుకోవు. గొర్రెలు బెదిరి పరుగెడుతున్నకొద్దీ వెంటపడి కరిచి వదిలేస్తాయి. పొద్దున్నే దొడ్లోకి వెళ్ళినవాడికి తినని కళేబరాలు వరసగా కనిపిస్తాయి. బతికినవి బెదురుకి ఈచుకుపోతాయి.

పైగా, చిరుతపులి చంపితే అటవీశాఖకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కుక్క అడవి జంతువు కాదు గనుక ఆ తలుపు మూసివుంటుంది. వదిలేసిన యజమాని ఎవడో తెలియదు గనుక యీ తలుపూ మూసివుంటుంది. గొర్రెలకాపరి కోపాన్ని అర్థం చేసుకోవాలంటే యీ రెండు మూసిన తలుపుల మధ్య నిలబడి చూడాలి.

జబ్బుల లెక్క మరొకటి. కుక్క పేగుల్లో వుండే ఒక రకం బద్దెపురుగు గుడ్లు గడ్డి మీద పడి, గొర్రె కడుపులోకి పోయి, మెదడులో నీటితిత్తిగా తయారవుతాయి. గొర్రె గిర్రున తిరిగి తిరిగి పడి చస్తుంది. మరో రకం బద్దెపురుగు వల్ల గొర్రెలకీ మనుషులకీ కూడా కాలేయంలో, వూపిరితిత్తుల్లో తిత్తులు పుడతాయి. చచ్చిన గొర్రె తలకాయో కాలేయమో పచ్చిగా కుక్కకి వేస్తే యీ చక్రం మళ్ళీ తిరుగుతుంది. అన్నిటికీ మించినది రేబీస్, మన పిచ్చికుక్క రోగం. దాని సంగతి కింద విడిగా చెప్తాను.

యీ మందలు యింతగా పెరగటానికి రాబందులు పోవటం కూడా ఒక కారణమంటే ఆశ్చర్యంగా వుంటుంది. పూర్వం వూరి బయట చచ్చిన గొడ్డును పడేస్తే రాబందులు కొద్ది గంటల్లో ఎముకలు మిగిల్చేవి. 1990ల నుంచి మన దేశంలో రాబందులు కుప్పకూలిపోయినాయి. పశువులకిచ్చే డైక్లోఫినాక్ అనే నొప్పుల మందే కారణమని తేలి, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అప్పటికే ఆలస్యమయింది. రాబందుల విందు కుక్కలకి మిగిలింది. వూరి చివర కళేబరం, రోడ్డు పక్క దాబా ఎముకలు, కోళ్ళఫారం గోతిలో చచ్చిన కోళ్ళు, యీ మూడూ వున్నచోట మంద తప్పకుండా వుంటుంది.

చంపితే పోతాయా?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపాయి. ఆ దృశ్యం చూసిన తల్లిదండ్రులెవరికీ ఆ రాత్రి నిద్ర పట్టి వుండదు. ఆ దుఃఖాన్ని జంతుప్రేమ పేరుతో ఎవరూ తేలిక చెయ్యకూడదు. అయితే, 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఒక రాత్రి యిరవై కుక్కల్ని తుపాకులతో కాల్చి చంపారు. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల్లోని కొన్ని గ్రామాల్లో కుక్కల్ని పెద్దఎత్తున చంపారని ఫిర్యాదులు రాగా పోలీసులు కేసులు పెట్టారు. అంతకు ముందు నెలలోనే పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఓటర్లు కుక్కల బాధ తీర్చమన్నారు. తీర్చే దారి తెలియక చంపే దారి పట్టారు.

నీతి సంగతి కాసేపు పక్కన పెట్టి, లెక్క చూద్దాం. మద్రాసు కార్పొరేషన్ దశాబ్దాల తరబడి కుక్కల్ని పట్టి చంపింది. కుక్కలు తగ్గలేదు, చంపేవాళ్ళ పని పెరిగింది. 1964 నుంచీ అక్కడి బ్లూక్రాస్ వాళ్ళు "చంపటం కాదు, పుట్టకుండా చూడండి" అని మొత్తుకుంటే, 1996లో కార్పొరేషన్ ఆ దారికి వచ్చింది.

చంపితే ఎందుకు తగ్గవు? ఒక వూళ్ళో తిండి ఎన్ని కుక్కలకి సరిపడా వుందో అన్ని కుక్కలు వుంటాయి. ముప్ఫై కుక్కల తిండి వున్నచోట యిరవైని చంపితే, మిగిలిన పదీ ఈనిన పిల్లలు మామూలుకన్నా ఎక్కువగా బతుకుతాయి. పక్క వూళ్ళ నుంచి కొత్తవి వచ్చి చేరతాయి. కొత్తవాటికి వూరు తెలియదు, వూరివాళ్ళు తెలియరు, టీకా వుండదు. పోట్లాటలు పెరుగుతాయి, కాట్లు పెరుగుతాయి. ఇక చంపటానికి మొదట దొరికేవి యింటిముందు పడుకున్న సాధువులే. గొర్రెల్ని చంపే గడుసువి విషం వాసన పసిగట్టి పొదల్లో వుంటాయి. విషం కలిపిన మాంసం తిన్నది చచ్చి, దాన్ని పీక్కుతిన్న కాకి చచ్చి, ఒక్కోసారి మన కాపలా కుక్కే చస్తుంది.

పక్క మండలంలో దింపి రావటం కూడా యిదే కోవలోనిది. పట్నంవాడు మన వూళ్ళో చేసిన పనే మనం పక్క వూళ్ళో చేస్తున్నామన్నమాట.

పుట్టకుండా చూడటం

1992లో అక్కినేని అమలగారు ప్రారంభించిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ జూబ్లీహిల్స్ రోడ్డు నెంబరు 35లో వుంది. జాతి కుక్కలు కొనేదీ ఆ కొండల మీదనే, వదిలేసినవాటికి కట్టుకట్టేదీ ఆ కొండల మీదనే. ఒకే పేటలో రోగమూ మందూ రెండూ వున్నాయి.

కుక్కల జనన నియంత్రణకి దేశంలో 2001లో నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నియమావళి వచ్చింది. సారాంశం యిది. కుక్కను హింసించకుండా పట్టాలి. ఆపరేషన్ చెయ్యాలి. రేబీస్ టీకా వెయ్యాలి. గుర్తుగా చెవి అంచు కొద్దిగా కత్తిరించాలి. కోలుకున్నాక ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. "మళ్ళీ మా వీధిలోనే ఎందుకు?" అని అందరూ అడుగుతారు. అక్కడి తిండి మీద అధికారం దానిదే గనుక, ఆ ఖాళీలోకి టీకా లేని కొత్తదాన్ని రానివ్వదు. పిల్లలు పెట్టదు గనుక సంఖ్య పెరగదు. పిల్లల తల్లి కానిది తల్లికున్నంత తెగువతో మీద పడదు. ఇదంతా ఒక్క ఏడాదిలో కనిపించదు. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకి తక్కువ వ్యవధిలో ఆపరేషన్, టీకా పూర్తయితేనే ఫలితం వుంటుంది. ఏడాదికి పదేసి చొప్పున చేస్తే చేసినదానికన్నా పుట్టినవే ఎక్కువవుతాయి. మనవాళ్ళు "ఆపరేషన్లు చేసినా లాభం లేదు" అనటానికి కారణం ఆపరేషన్ కాదు, సగంలో ఆపటం.

సాధ్యమేనా అంటే, భూటాన్ దేశం 2023లో తమ వీధికుక్కలన్నిటికీ ఆపరేషన్లు పూర్తయినాయని ప్రకటించింది. అక్కడ రాజు దగ్గర్నుంచి సైనికుడి దాకా ఆ పనిలో దిగారు. మన గోవాను 2021లో రేబీస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ వలలు పట్టుకుని వూరూరా తిరిగి కుక్కలకి టీకాలు వేశారు.

నియమావళి ప్రకారం యీ బాధ్యత స్థానిక సంస్థలది, అంటే గ్రామ పంచాయతీది కూడా. కాని పంచాయతీకి పశువుల డాక్టరు లేడు, బోన్లు లేవు, పట్టేవాళ్ళు లేరు. తెలంగాణలో పంచాయతీలు పన్నెండు వేలకు పైనే. ఒక్కొక్కటీ విడిగా చెయ్యలేదు. పది పదిహేను పంచాయతీలు కలిసి మండలానికో, రెండు మండలాలకో ఒక కేంద్రం పెట్టుకుని, ఒక్కో వూరూ ఒక్కో వారం చొప్పున పూర్తి చేసుకుంటూ పోవాలి. కుక్కను చంపటానికి మనిషికి కూలి యిచ్చే పంచాయతీ, దాన్ని పట్టటానికి కూలి యివ్వలేదా?

చట్టం ఏమంటుంది?

పెంపుడు జంతువును ఆకలిదప్పులకి గురయ్యేలా వదిలెయ్యటం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి శిక్ష పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా. ఔను, యాభై రూపాయలే! ఆ చట్టం చేసిన రోజుల్లో అది ఒక మొత్తం. ఇప్పుడు ఫిలింనగర్‌లో కాఫీ కూడా రాదు. చంపటం మాత్రం పెద్ద నేరం. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు. అంటే తన లక్ష రూపాయల కుక్కను పొలంలో వదిలినవాడికి యాభై రూపాయలు, ఆ కుక్క తన గొర్రెల్ని తింటే దాన్ని చంపిన గొర్రెలకాపరికి జైలు. చంపమని నేననటం లేదు. త్రాసు రెండు పళ్ళాలూ ఒకచోట లేవంటున్నాను.

మరో విచిత్రం. సినిమాలో ఒక కుక్కను చూపించాలంటే 2001 నాటి నియమాల ప్రకారం జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. తెర మీద ఆ ప్రకటన మనమంతా చూస్తాం. కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళు రిజిస్టర్ చేయించుకోవాలని 2017లో నియమాలు వచ్చాయి, రెండు నెలలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. కాని కొనేవాణ్ణి "పదేళ్ళు సాకగలవా?" అని అడిగే దిక్కు లేదు. ప్రతి పెంపుడు కుక్కకీ లైసెన్సు, చర్మం కింద గుర్తింపు చిప్పు తప్పనిసరి చేస్తే, పొలంలో దొరికిన కుక్క తన యజమాని పేరు తనే చెప్తుంది. చట్టాలు మార్చే పెద్దలు మొదట చెయ్యవలసిన పని యిది.

మీ పొలంలో కుక్క కనిపిస్తే

మన విద్యార్థుల్లో చాలామంది వ్యవసాయ కుటుంబాల వాళ్ళే. ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకి చెప్పవలసినవి కొన్ని రాస్తున్నాను.

మొదట దూరం నుంచి చూడండి. మెడకి పట్టీ, కత్తిరించిన వెంట్రుకలు, పిలిస్తే తోక వూపటం, "సిట్" అంటే కూర్చోవటం వుంటే అది యింటి కుక్క. తప్పిపోయి వుండొచ్చు గనుక ఫోటో తీసి చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. చొంగ కారుస్తూ, తూలుతూ, కనపడినదాన్నల్లా కరుస్తుంటే దగ్గరికి పోకండి, పిల్లల్ని పోనివ్వకండి, పశువైద్యుడికి కబురు చెయ్యండి.

మామూలుగా వుంటే నీడలో కట్టి, నీళ్ళు, మెత్తటి అన్నం పెట్టండి. పదిరోజులు మీ కుక్కలకీ పశువులకీ దూరంగా వుంచండి. తర్వాత పశువుల ఆసుపత్రిలో పురుగుల మందు, రేబీస్ టీకా, వీలైతే ఆపరేషన్. అల్సేషన్, లాబ్రడార్ వంటివి అలవాటైతే పొలం కాపలాకి పనికొస్తాయి. జుట్టు దట్టంగా వున్న హస్కీల్ని మాత్రం మన ఎండలో వుంచకుండా, సాకేవాళ్ళని వెతికి పంపాలి.

కారు ఆపి దింపుతున్నవాణ్ణి చూస్తే బండి నెంబరు ఫోటో తియ్యండి, పోలీస్ స్టేషన్‌లో యివ్వండి. జరిమానా యాభై రూపాయలే కావచ్చు. స్టేషన్‌కి రావటంలో వున్న సిగ్గు యాభై రూపాయలది కాదు.

గొర్రెల దొడ్డికి కుక్క దూకలేనంత ఎత్తు కంచె, కింద సందుల్లేకుండా రాళ్ళు, రాత్రి దీపం వుండాలి. చచ్చిన గొడ్డును లోతుగా గోయి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. వూరి కుక్కల సంఖ్యను తగ్గించే మొదటి పనిముట్టు తుపాకీ కాదు, గడ్డపార.

కుక్క కరిస్తే

ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబీస్‌తో చనిపోతున్నారని అంచనా. అందులో మూడోవంతుకి పైగా మన దేశంలోనే. మనుషులకి వచ్చే రేబీస్ నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు కుక్కల ద్వారానే. లక్షణాలు బయటపడ్డాక వైద్యం దాదాపు లేనట్టే. కాని బయటపడక ముందు పూర్తిగా ఆపవచ్చు. యింత ఘోరమైనదీ, యింత తేలిగ్గా తప్పించుకోగలిగినదీ మరో రోగం లేదు.

కరిచిన వెంటనే గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగండి. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు పెట్టకండి. కట్టు బిగించకండి. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పూర్వం బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులన్న భయం వుండేది. ఆ పాత టీకాను మన దేశంలో 2004 తర్వాత వాడటం లేదు. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వెయ్యాలి, అడిగి వేయించుకోండి. 1885లో పాశ్చర్ తొమ్మిదేళ్ళ పిల్లవాడి మీద మొదటిసారి వాడిన టీకాకి వారసురాలు యిప్పుడు మన గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ పేరు మీద దేశమంతా పోతోంది. టీకా చేసే రాష్ట్రంలో టీకా వేయించుకోక చావటం కన్నా విషాదం ఏముంది?

మన ఆవరణ సంగతి

చివరిగా మనలో మనం ఒక మాట. ఏ యూనివర్సిటీ హాస్టల్ మెస్ వెనక చూసినా అయిదారు కుక్కలుంటాయి. వాటికి మనం పేర్లు పెడతాం, మిగిలిన చపాతీలు వేస్తాం, పరీక్షలయ్యాక యిళ్ళకి వెళ్ళిపోతాం. వేసవి రెండు నెలలు అవి ఏం తింటాయో అడిగినవాళ్ళం కాదు. మనదీ ఒక రకం వదిలెయ్యటమే కదా!

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కల్ని తొలగించి షెల్టర్లకి తరలించాలని ఆదేశించింది. షెల్టర్లు ఎక్కడున్నాయి? లేనిచోట వ్యాను ఎక్కడికి పోతుంది? రాత్రిపూట చీకట్లో ఏ చేవెళ్ళ రోడ్డు పక్కనో, ఏ రైతు చేను గట్టునో ఆగుతుంది. మన ఆవరణ శుభ్రమవుతుంది, మా పెద్దనాయిన చేను దగ్గర మరో మంద చేరుతుంది. అలా జరక్కుండా చూడటం విద్యార్థి సంఘం చెయ్యగల పని. ఆవరణలో ఎన్ని కుక్కలున్నాయో లెక్క రాయండి. చెవి కత్తిరింపు లేనివి ఎన్నో చూడండి. ఆపరేషన్, టీకాల కోసం ప్రిన్సిపాల్‌గారి ద్వారా మున్సిపాలిటీకి వుత్తరం రాయించండి. తీసుకుపోయిన వాటిని ఎక్కడికి తీసుకుపోయారో రసీదు అడగండి. మెస్ చెత్తకి మూత పెట్టించండి. సాంస్కృతిక వారోత్సవాల ఖర్చులో పదోవంతు చాలు.

సరమ పిల్లను కొట్టినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, రాజకుమారులు. యాగం దగ్గర కుక్క ఎందుకని అనుకున్నారంతే. ధర్మరాజు కుక్క కూడా ఏ జాతిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. వెంట వచ్చింది, అంతే. రేపు మీలో ఎవరైనా ఫిలింనగర్‌లో యిల్లు కట్టుకోవచ్చు, మరెవరైనా వూళ్ళో సర్పంచి కావచ్చు. మొదటివారు కారు తలుపు తీసేముందు, రెండోవారు విషం సీసా మూత తీసేముందు యీ కథలు రెండూ ఒక్కసారి తలుచుకుంటే చాలు.